జిగురు కొనేముందు ముక్కను వెనక్కి తిప్పండి

ప్లాస్టిక్ అనే వస్తువు ఈ లోకంలో లేదు. కోప్పడకండి, చెబుతాను.

కిరాణా కొట్టుకెళ్లి "ఒక కిలో పప్పివ్వు బాబూ" అని మనలో ఎవరైనా అడుగుతామా? అడిగితే కొట్టతను మన మొహం వంక చూసి "ఏ పప్పమ్మా?" అంటాడు. కందిపప్పు వేరు, మినప్పప్పు వేరు, శనగపప్పు వేరు. మినప్పప్పు నానబెట్టాల్సిన చోట కందిపప్పు నానబెడితే ఇడ్లీ రాదని పదేళ్ల పిల్లకి కూడా తెలుసు. అదే కారులో ఏదైనా ముక్క విరిగితే మాత్రం ఇంటిల్లిపాదీ "ప్లాస్టిక్‌ది విరిగింది, ప్లాస్టిక్‌కి అతికే జిగురు తెండి" అంటారు. హార్డ్‌వేర్ షాపు అతను కూడా ఏ ప్లాస్టిక్ అని అడగడు. అట్టకి వేలాడే చిన్న ట్యూబు ఒకటి పీకి చేతిలో పెడతాడు. అది రెండు రోజులు నిలబడుతుంది, మూడో రోజు ఊడుతుంది. అప్పుడు ఇంటాయన "ప్లాస్టిక్ అతకదు, కొత్తది వేయించాల్సిందే" అని తీర్పు చెప్పేస్తారు. నాలుగు చుక్కల జిగురుతో మొదలైన పని వేల రూపాయల బిల్లుతో ముగుస్తుంది.

ఈ తీర్పు మీదే నా గొడవంతా.

ప్లాస్టిక్ అంటే పప్పు అన్నట్టే. అందులో రకాలున్నాయి. ఒకదానికి పట్టే జిగురు ఇంకోదానికి పట్టదు. విచిత్రం ఏమిటంటే, ఏది ఏ రకమో ఊహించాల్సిన పనే లేదు, రాసే ఉంటుంది. కారు ప్లాస్టిక్ ముక్కను తీసి వెనక్కి తిప్పితే, మనకు కనిపించని వైపు, రెండు బాణం మొనల మధ్య చిన్న ఇంగ్లీషు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. ఏబీఎస్ అని ఉంటే ఏబీఎస్. పీసీ అంటే పాలీకార్బొనేట్. పీఏ అంటే నైలాన్. ఇలా రాయాలని ఐఎస్ఓ 11469 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కారు తుక్కయ్యాక ఏ ముక్కను ఏ కుప్పలో వేసి కరిగించాలో తెలియడానికి ఈ గుర్తులు పెట్టారు. మనకేమో, అతికించడానికి ఏ జిగురు కొనాలో చెప్పే చీటీ అది.

ఇంత తేలికైన సంగతి మనకెవరూ ఎందుకు చెప్పలేదు? నా లెక్కలో, చెప్తే ఎవరికీ లాభం లేదు కాబట్టి.

పోయినేడాది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరో బండి వెనక్కి తీస్తూ ఆగి ఉన్న మా కారు ముందు బంపర్‌ని తోసేశారు. పైకి పెద్ద గీత కూడా పడలేదు. లోపల, బంపర్‌ని పట్టి ఉంచే చెవి లాంటి ముక్క ఒకటి విరిగింది. దాంతో బంపర్ ఒక పక్క నోరు తెరిచి వేలాడుతోంది. కారు సర్వీస్ సెంటర్‌కి నేనే తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు వంగి చూసి, "బంపర్ మార్చాలి మేడం" అన్నాడు.

"చెవి ముక్కే కదా విరిగింది, అతికించలేరా?"

"ప్లాస్టిక్ అతకదు మేడం."

"ఏ ప్లాస్టిక్?"

ఒక్క క్షణం ఆగాడు. "సార్ నంబర్ ఇస్తారా మేడం? సార్‌తో మాట్లాడతాను" అన్నాడు.

మావారికి ఆ బంపర్ ఏ ప్లాస్టిక్కో తెలియదు. ఆ మాట ఆయనే చెప్తారు. నేనడిగిన ప్రశ్నకి జవాబు సార్ దగ్గర ఉందని కాదు, ప్రశ్న అడగని మనిషి సార్ అని ఆ కుర్రాడి నమ్మకం. పాపం, అతన్ని తిట్టుకోవడం లేదు. అతనికి నేర్పింది మార్చడమే. విరిగిన ముక్క తీసెయ్, కొత్త ముక్క వెయ్, బిల్లు కొట్టు. బాగుచేయడం అతని పనుల జాబితాలోనే లేదు.

"ఇన్సూరెన్స్ ఉందిగా మేడం, మీకేం ఖర్చు?" అన్నది తర్వాతి మాట. ఈ మాట దగ్గర చాలామందిమి ఆగిపోతాం. ఆగకండి, లెక్క వేద్దాం. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకోని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి 50 శాతం తరుగు కొడతారు. బంపర్ 10,000 అనుకోండి. అందులో 5,000 మనదే. దాని మీద తప్పనిసరిగా మనం కట్టుకోవాల్సిన వాటా చిన్న కార్లకి 1,000. అంటే మనకొచ్చేది 4,000. ఆ నాలుగు వేల కోసం క్లెయిమ్ చేస్తే, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క ఏడాది క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, అయిదేళ్లు లేకపోతే 50 శాతం. అది సున్నాకొచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పాల లెక్క, చీటీల లెక్క, పిల్లల ఫీజుల లెక్క చూసుకునే మనకి ఈ లెక్క అర్థం కాదనా సార్ నంబర్ అడిగేది?

సరే, ఆ కుర్రాడన్న "ప్లాస్టిక్ అతకదు" మాటకొస్తాను. అందులో సగం నిజముంది. ఆ సగం నిజమే మన చేత డబ్బు కట్టిస్తోంది.

ఈనాటి కార్ల బంపర్లు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో, అందులో కాస్త రబ్బరు, కాస్త టాల్క్ పొడి కలిపి చేస్తారు. టాల్క్ అంటే మన మొహం పౌడర్లో వాడే రాయి పొడే. ఈ పాలీప్రొపిలీన్ మన వంటింట్లో బోలెడుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా ఏదైనా తీసి నీళ్లు చిలకరించండి. నీరు పరుచుకోదు, తామరాకు మీద బొట్టులా ముద్దగా నిలబడుతుంది. జిగురైనా అంతే. ఏ జిగురైనా పట్టాలంటే ముందు ఆ ఉపరితలం మీద పల్చగా పరుచుకోవాలి, గరుకులోకి దిగాలి. పాలీప్రొపిలీన్ దాన్ని దగ్గరికి రానివ్వదు. పాలిథీన్ కూడా అదే జాతి. అందుకే సూపర్ గ్లూ సీసాలను పాలిథీన్‌తో చేస్తారు, లోపలి జిగురు సీసాకే అతుక్కుపోకుండా.

ఇప్పుడు మన ఇళ్లలో డ్రాయర్ దేవుడి సంగతి. కంపెనీ ఏదైనా మనం ఫెవిక్విక్ అనే పిలిచే ఆ జిగురు అసలు పేరు సయనోఅక్రిలేట్. అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్‌లో పనిచేసిన హ్యారీ కూవర్ 1942లో తుపాకీ గురి చూసే పారదర్శక పరికరాల కోసం వెతుకుతుంటే ఇది బయటపడింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని విసుక్కుని పక్కన పెట్టారట. 1958లో గానీ జిగురుగా అమ్మకానికి రాలేదు. మంచి జిగురే, కాదనను. గాలిలో, ఉపరితలం మీద ఉన్న తేమతో గట్టిపడుతుంది. రెండు ముక్కలు సందు లేకుండా కలిసేచోట, పల్చటి చుక్క చాలు. కాని గట్టిపడ్డాక గాజులా పెళుసు. బంపర్ గతుకుల్లో వంగుతుంది, ఎండకి సాగుతుంది, వానకి ముడుచుకుంటుంది. పెళుసు జిగురు దానితోపాటు వంగలేక పటుక్కున విడుతుంది. పైగా 80 డిగ్రీల దగ్గరికొస్తే మామూలు రకాలు బలం కోల్పోతాయి. ఎండాకాలం బయట నిలిపిన కారు డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

దీని మీద వంటసోడా చల్లితే రాయిలా అవుతుందని వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అవుతుంది, నిజమే. సోడా జిగురుని క్షణాల్లో గట్టిపరుస్తుంది, సందు నింపుతుంది. కాని పాలీప్రొపిలీన్ మీద ఆ రాయి కూడా పెచ్చులా లేస్తుంది. పట్టు లేనిచోట రాయి పెడితే ఏం లాభం? ఇంకో సంగతి, సూపర్ గ్లూ కారితే నూలు గుడ్డతోనో కొంగుతోనో తుడవకండి. నూలుకి తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలేంత పని చేస్తుంది.

మరి పాలీప్రొపిలీన్ ముక్క విరిగితే దారి? ఉంది. ఒకటి కాదు, మూడు.

మొదటిది మన వీధుల్లో తిరిగిన విద్యే. "బిందెలకు మాట్లేస్తాం" అని కేకేసుకుంటూ వచ్చేవాళ్లు మీకు గుర్తున్నారా? ఇత్తడి, సత్తు బిందెల కాలం పోయి ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక మా చిన్నప్పుడు మా వీధిలో ప్లాస్టిక్‌కి అతుకులు వేసేవాళ్లు వచ్చేవాళ్లు. నిప్పుల్లో ఇనప చువ్వ కాల్చి, పాత బకెట్ ముక్క ఒకటి పగులు మీద పెట్టి కరిగించి రుద్దేవాళ్లు. మా అమ్మమ్మ వాళ్లతో బేరమాడుతూనే, పాత బకెట్ చెవులు, మూతలు దాచి ఉంచి ఇచ్చేది. ఏ బకెట్‌కి ఆ రకం ముక్కే కలుస్తుందని చదువు రాని ఆ మనిషికీ తెలుసు, మా అమ్మమ్మకీ తెలుసు. చల్లటి ఏసీ గదిలో కూర్చున్న కంప్యూటర్ బిల్లుకి తెలియదు.

మా బంపర్‌ని చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ వెల్డింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సార్ నంబర్ అడగలేదు. బంపర్ అంచు తిప్పి, అక్షరాలు వేలితో తడిమి, "పీపీ అమ్మా, దీనికి జిగురు పట్టదు, వేడి పెట్టాలి" అన్నారు. పగులు చివర చిన్న బెజ్జం వేశారు, పగులు ముందుకి పాకకుండా. పగులు పొడవునా లోపలివైపు గాడి తీశారు. పాత బంపర్ నుంచి కోసిన సన్నటి పట్టీని వేడిగాలితో కరిగిస్తూ ఆ గాడిలో నింపారు. వెనక సన్నటి ఇనప జల్లెడ ముక్క కాల్చి ప్లాస్టిక్‌లోకి దిగేలా అద్దారు. బయటికి ఏమీ కనబడదు. అయిన ఖర్చు కొత్త బంపర్ ధరలో పదో వంతు కూడా లేదు. ఇప్పటికీ గట్టిగానే ఉంది.

రెండో దారి, ముందు ప్రైమర్ రాసి తర్వాత జిగురు పెట్టడం. పాలీప్రొపిలీన్ మీద జిగురు నిలబడేలా చేసే అడ్హెషన్ ప్రమోటర్లు దొరుకుతాయి. అవి రాయకుండా ఎంత ఖరీదైన జిగురు రాసినా డబ్బు దండగ. మూడోది, ఇలాంటి మొండి ప్లాస్టిక్‌ల కోసమే చేసిన రెండు భాగాల యాక్రిలిక్ జిగుర్లు. ఖరీదు ఎక్కువ, మామూలు షాపుల్లో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. చిన్న ముక్కకి అది తెప్పించేకంటే వెల్డింగ్ మనిషిని వెతకడమే నయం అంటాను. ప్లంబర్లు వాడే పైపుల జిగురు మాత్రం దీనికి రాయకండి. అది పీవీసీని కరిగించి కలుపుతుంది, పాలీప్రొపిలీన్‌ని కరిగించలేదు.

ఏబీఎస్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ముందు గ్రిల్, అద్దాల వెనక తొడుగులు, లోపలి అలంకార ముక్కలు చాలా కార్లలో ఏబీఎస్. ఇది అన్నిటితో కలిసిపోయే మంచి కోడలు లాంటిది. ఎపాక్సీ పడుతుంది, సూపర్ గ్లూ పడుతుంది. అసిటోన్‌లో అయితే కరిగిపోతుంది. పనికిరాని ఏబీఎస్ ముక్కల్ని తురిమి అసిటోన్‌లో నానబెడితే దోసెల పిండిలా అవుతుంది. దాన్ని పగులులో పెడితే ఆరాక ఒకే ముక్కైపోతుంది. ఆ ఘాటు పీల్చకూడదు, పొయ్యి దరిదాపుల్లో చేయకూడదు. ఇలాంటి మెత్తని ప్లాస్టిక్‌ని "పనికిరాదు మేడం" అని చెత్తబుట్టలో వేయిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

హెడ్‌లైట్ పైన అద్దం అనుకునేది అద్దం కాదు, పాలీకార్బొనేట్. దాని దగ్గరికి అసిటోన్ గానీ, నెయిల్ పాలిష్ రిమూవర్ గానీ తీసుకెళ్లకండి, సన్నటి బీటలు పడి మసకబారుతుంది. సూపర్ గ్లూ ఆవిరి కూడా తెల్లటి మరక వదులుతుంది. డోర్ లోపలి చిన్న క్లిప్పులు కొన్ని పీఓఎం అనే జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి జిగురు పట్టడం మహా కష్టం. క్లిప్పు కొత్తది కొనుక్కోవడమే పద్ధతి. బాగుచేయాలన్నానని అన్నీ పట్టుకు వేలాడమని కాదు.

పీపీకి గుర్తు కనబడకపోతే నీళ్లలో వేసి చూడమంటారు కొందరు. తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే ఏబీఎస్ అని. డబ్బా మూతలకి సరే. కాని 20 శాతం టాల్క్ కలిపిన బంపర్ ముక్క పాలీప్రొపిలీనే అయినా మునుగుతుంది. కాబట్టి అక్షరాలనే నమ్మండి.

ఇక మగవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది, మనం చక్కగా చేయగలిగేది ఒకటుంది. శుభ్రం చేయడం. జిగురు విఫలమైందంటే సగంసార్లు తప్పు జిగురుది కాదు, జిడ్డుది. కారు లోపల మెరుపు కోసం కొట్టే డాష్‌బోర్డు పాలిష్‌లో సిలికాన్ ఉంటే, ఆ పొర ఉన్నంతవరకు దేవుడే దిగొచ్చినా ఏదీ అతకదు. ముందు సబ్బు నీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ తుడవడం. మూకుడు జిడ్డు పోయిందో లేదో వేలితో చూసి చెప్పగలిగే మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

రెండు ట్యూబుల ఎపాక్సీ కలపడం కూడా అంతే. అట్ట మీద ఎంత రాస్తే అంత. సమానం అంటే సమానం. "హార్డెనర్ కొంచెం ఎక్కువేస్తే త్వరగా ఆరుతుంది" అని ఒక మహా జ్ఞానం మా ఆడపడుచు భర్త దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరి దగ్గరా ఉంది. తోడు ఎక్కువేస్తే పెరుగు పులుస్తుందేగాని గడ్డ కట్టదు కదా! హార్డెనర్ ఎక్కువైతే జోడు దొరకని హార్డెనర్ మిగిలి అతుకు మెత్తగా, బలహీనంగా ఉండిపోతుంది. కొలత పాటించి, అయిదు నిమిషాల రకమైనా ఒక రాత్రంతా కదపకుండా వదలాలి. చేతికి తొడుగులు, కిటికీ తెరవడం, పిల్లల్ని దూరంగా ఉంచడం తప్పనిసరి. హార్డెనర్ చర్మానికి పడని వాళ్లుంటారు.

"ఇంత కష్టం ఎందుకు, కొత్తది వేస్తే నిశ్చింత కదా" అనేవాళ్లకి ఒకచోట మాత్రం నేను తలవంచుతాను. ఎయిర్‌బ్యాగ్ మూతలు, సీటు బెల్టు భాగాలు, బ్రేక్ ఆయిల్ డబ్బా, వీటికి ఏ జిగురూ వద్దు. రేడియేటర్ పక్కన ఉండే నైలాన్ ట్యాంకు కూడా అంతే. అందులో నీళ్లు ఒత్తిడి మీద వంద డిగ్రీలు దాటతాయి. ఎంసీల్ ముద్ద పెట్టి తిరుపతి ఘాట్ ఎక్కుదామనుకునే ధైర్యవంతుల కార్లలో పిల్లల్ని ఎక్కించకండి. బంపర్ వెనక రాడార్ ఉన్న కొత్త కార్లలో ఆ రాడార్ ఎదురుగా పుట్టీ, మందపాటి అతుకు పెట్టకూడదు. ఇవి మార్చాల్సినవి, మారుద్దాం, బిల్లు కడదాం. కాని ఈ భయాన్ని చూపించి ఒక చెవి ముక్కకి మొత్తం బంపర్ అమ్మడం ఏ రకం భద్రత?

ఇకనుంచి కౌంటర్ దగ్గర మూడు మాటలు అడగండి. ఇది ఏ ప్లాస్టిక్? విరిగింది ఎక్కడ, నాకు చూపిస్తారా? తీసిన పాత ముక్క నాకిస్తారా? మూడోది తప్పకుండా అడగండి. డబ్బిచ్చి కొన్న మన ముక్క అది, ఇంకో రోజు అతుకుకి పట్టీలు కోసుకోవడానికి పనికొస్తుంది. సార్ నంబర్ అడిగితే ముందు ఈ మూడింటికీ జవాబు రాసివ్వమనండి, సార్‌కి మీరే పంపిస్తారు.

అక్షరాలు చూడటానికి ఏదైనా విరిగేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం కారు తుడిచేటప్పుడు గ్లవ్ బాక్స్ మూత తెరిచి లోపలివైపు చూడండి, ముందు చక్రం పైన తొడుగు అంచు కిందకి ఫోన్ టార్చ్ వేయండి. కనబడ్డవన్నీ ఫొటో తీసి దాచుకోండి. పిల్లలకి చెప్తే ఇంకా త్వరగా వెతుకుతారు. మావాడైతే మా కారులో పదకొండు పట్టుకున్నాడు, రెండు పీపీలు నాకు కనబడనివి కూడా.